నోటి ఆర్డరు

ఫిర్దౌస్ గొంతు పుట్టుకతోనే బొంగురు. ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు "సార్" అనేవారు. చిన్నప్పుడు దానికి ఏడ్చేది. కాస్త పెద్దయ్యాక ఏడుపు మానేసి దాన్నే పెట్టుబడి చేసుకుంది. పాత పోస్టాఫీసు దగ్గర వాళ్ల నాన్న గులాం మొహమ్మద్‌కి ట్రంకుపెట్టెల దుకాణం. అక్కడికి వచ్చే బేరగాళ్లని, ఎదురు కొట్టు సేటుని, పెళ్లిళ్లలో బిర్యానీ దేగిశా దగ్గర మాత్రమే కనిపించే పెద్దమామని, ఎవరినైనా సరే అచ్చుగుద్దినట్టు దించేసేది. "ఈ గొంతుతో నువ్వు లాయరువైనా అవుతావు, జైలుకైనా పోతావు బేటా" అనేది తల్లి జమాలున్నీసా. ఫిర్దౌస్ లాయరైంది. రెండోదానికి ఎంత దగ్గరిదాకా వెళ్లొచ్చిందో చెప్పడానికే ఈ కథ.

కోర్టులో కొన్నాళ్లు సీనియర్ల వెనక ఫైళ్లు మోసి, పరీక్ష రాసి, తూర్పు తీర గిడ్డంగుల సంస్థలో లా ఆఫీసరుగా చేరింది. ప్రభుత్వ సంస్థ. రేవు పక్కనే ఆఫీసు. కిటికీ తెరిస్తే క్రేన్లు కనిపిస్తాయి, మూసినా బల్ల మీద బొగ్గుపొడి వచ్చి కూర్చుంటుంది. సంస్థ మీద ఎవరు కేసు వేసినా, సంస్థ ఎవరి మీద వేసినా ఆ కాగితాలన్నీ ఆమె దగ్గరికే. అది చాలదన్నట్టు, సమాచార హక్కు చట్టం కింద జనం అడిగే ప్రశ్నలకి జవాబిచ్చే అధికారి కుర్చీ కూడా ఆమెకే అంటగట్టారు. ఆ కుర్చీ ఇంకెవరికీ అక్కర్లేకపోవడమే ఆమె అర్హత. ప్రొబేషన్ ముగిసింది. ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఎండీ గారి బల్ల మీదికి వెళ్లి కూర్చుంది. ఆ బల్ల మీద కూర్చున్న ఫైలు మళ్లీ లేవగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

ఎండీ శ్రీరామ్మూర్తి గారిది టెక్కలి వైపు. చెడ్డమనిషి కాదు, కలమంటే భయం, అంతే. వయసులో ఉండగా ఏదో ఫైలు మీద అమాయకంగా ఒక సంతకం పెట్టి, దాని పుణ్యమా అని ఏళ్ల తరబడి ఎంక్వయిరీల చుట్టూ తిరిగాడట. అప్పట్నుంచి కాగితం కనిపిస్తే కుర్చీ వెనక్కి జరుపుతాడు. మరి ఆఫీసు ఎలా నడుస్తుందంటారా? వాట్సాప్‌లో నడుస్తుంది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మైకు బొమ్మ నొక్కి ఆయన చెప్పిందే ఆర్డరు. ఒకరికి పంపితే వాళ్లు ఇంకొకరికి పంపుతారు, అలా చేతులు మారుతూ గిడ్డంగులదాకా పోతుంది. బదిలీలు, సెలవులు, ఏసీ రిపేరు, టీలో చక్కెర ఎక్కువైందన్న మందలింపు, అన్నీ అలాగే. దాన్ని అక్కడ నోటి ఆర్డరు అంటారు. చేరిన కొత్తలో ఫిర్దౌస్ ఇది పద్ధతి కాదనీ, ఉత్తర్వు కాగితం మీద ఉండాలనీ ఒక నోట్ పెట్టింది. దానికి జవాబు కూడా నోటితోనే వచ్చింది.

"ఏటమ్మా, నా నోటి మీద నీకు నమ్మకం నేదా? నాను సెప్తన్నాను గదా!"

ఆ "నాను సెప్తన్నాను గదా" ఆయన ప్రతి ఆర్డరు చివరా ఉంటుంది. కాగితానికి సీలు ఎలాగో, ఆయన మాటకి అది అలాగ.

ఇక గంగాధరరావు. గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. రాజోలు నుంచి వచ్చి గాజువాకలో స్థిరపడ్డ మనిషి. తిట్టినా చివర "అండి" పెట్టి తిడతాడు. ఆయన భార్య మంగాయమ్మ గోదావరి ఒడ్డున పుట్టి పెరిగి కూడా లాంచీ ఎక్కి పాపికొండలు చూడలేదు. పెళ్లినాడు చూపిస్తానని మాటిచ్చాడు. అప్పట్నుంచి ప్రతి కార్తీకమాసంలోనూ సెలవు అర్జీ పెడతాడు, కారణం దగ్గర "భార్యకు పాపికొండలు చూపించుటకు" అని ఉన్నదున్నట్టు రాస్తాడు. అబద్ధపు జ్వరం రాసుకుంటే పై మేనేజరే ఇచ్చేవాడు. నిజం రాసిన పాపానికి అది ఎండీ గారి బల్లదాకా వెళ్లేది, వెళ్లి కూర్చునేది.

ఆ ఏడు కూడా అదే జరిగింది. ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్లో భోజనాల దగ్గర లా సెక్షను అసిస్టెంటు మోహన్ ఆ కబురు ఎత్తాడు.

"పాపం ఆ గంగాధరం బావకి ఈ ఏడాదీ సెలవు నేనట్టే మేడమ్. అదే మన ఎండీ గారికి దేవుడు మంచి బుద్ధిచ్చి సెలవిస్తే ఎలా ఇత్తారంటారు? ఒకసారి సేసి సూపించండి!"

అడిగిందే తడవు. ఫిర్దౌస్ చేతిలో ముద్ద కంచంలో పెట్టి, గొంతు సవరించుకుని, కుర్చీ వెనక్కి జరిపి, అందుకుంది.

"ఒరే గంగాధరం! ఏటా మొగం, వానలో తడిసిన కోడిలాగ? ఎల్లు! పెళ్లాన్ని ఎంటబెట్టుకుని ఎల్లు. లాంచీ ఎక్కు. కొండలు సూడు. గోనెసంచులు ఎక్కడికీ పోవురా, నువ్వొచ్చేదాకా ఇక్కడే ఏడుస్తాయి. నిమ్మళంగా తిరిగిరా. నాను సెప్తన్నాను గదా!"

క్యాంటీన్ క్యాంటీనంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. టీ గిన్నెలు తోమే తవిటమ్మ అయితే నేల మీద కూలబడి మరీ నవ్వింది. మోహన్ నవ్వుతూ నవ్వుతూనే ఫోనులో రికార్డు చేశాడు. ఇద్దరు ముగ్గురున్న సొంత గ్రూపులో పెట్టాడు. అందులోంచి ఎవరో ఇంకెవరికో పంపారు, వాళ్లు ఇంకొకరికి. నోటి ఆర్డర్లు ఏ దారిన పోతాయో ఆ దారినే పోయి, సాయంత్రానికల్లా అది గంగాధరరావు ఫోనులో టింగుమంది. ఆయన విన్నాడు, రెండు చేతులా ఫోనుకి దండం పెట్టాడు, మర్నాడు తెల్లారకుండానే పెళ్లాన్ని వెంటబెట్టుకుని రైలెక్కాడు. ఇంకో ఆఫీసులో అయితే కాగితమేదని ఎవడో ఒకడు అడిగేవాడు. అక్కడ ఎందుకు అడుగుతారు?

సరిగ్గా అప్పుడే ఎరువుల ఓడ వచ్చింది. బస్తాలు దింపాలంటే ఫోర్క్‌లిఫ్ట్ ఉంది, నడిపే మనిషి లేడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే ఎండీ గారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. చెప్పకుండా పోయినందుకు గంగాధరరావుని సస్పెండ్ చేస్తున్నట్టు, అదీ నోటితోనే, ఆర్డరు వేశారు. ఊళ్లోంచి ఉన్నట్టుండి మాయమైనవాడిని ఉద్యోగంలోంచి తీసేయడానికి ఛార్జి మెమో రాయమని ఫిర్దౌస్‌కి పురమాయించారు. ఆమె తల ఊపి మొదలుపెట్టింది కూడా. అప్పటికి ఆమెకేం తెలుసు పాపం.

తెలిసిన రోజున టపాలో ఒక అర్జీ వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద గంగాధరరావు అనే ఉద్యోగి అడుగుతున్నాడు. "అయ్యా, ఎండీ గారు దయతో నాకు సెలవు ఇచ్చిన నోటి ఆర్డరుకు ధ్రువీకరించిన నకలు ఇప్పించగలరు. అందులో వానలో తడిసిన కోడి అని కూడా ఉన్నదండి."

వానలో తడిసిన కోడి దగ్గర ఫిర్దౌస్ పై ప్రాణాలు పైనే పోయాయి.

మళ్లీ చదివింది. కోడి ఎక్కడికీ పోలేదు. మోహన్‌ని పిలిచింది. మోహన్ చదివి, గోడకి ఆనుకుని, మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు.

"మేడమ్, కొంప మునిగింది."

"ఎవరి కొంప?"

"ముందు మీది. తరవాత నాది. గంగాధరం బావది ఎప్పుడో మునిగిపోనాది."

ఉన్నమాట అదే. ఎండీ గారు అలాంటి ఆర్డరు ఇవ్వలేదని జవాబు రాస్తే గంగాధరరావు ఉద్యోగం పోతుంది, దొంగ రికార్డింగు పుట్టించాడన్న కొత్త నింద కూడా నెత్తిన పడుతుంది. నిజం రాస్తే పై అధికారి గొంతు పెట్టి సెలవు మంజూరు చేసిన లా ఆఫీసరుగా ఆమె పేరు చరిత్రలో నిలుస్తుంది, ఉద్యోగం నిలవదు. చట్టం నెల గడువిచ్చింది. జవాబివ్వాల్సిన అధికారి ఆమె, మెమో రాయాల్సిన లాయరు ఆమె, నేరం చేసిన నోరు కూడా ఆమెదే. అంతా ఒక్క మనిషే అయినందుకు ఆఫీసు వాళ్లకి ఎంత ఖర్చు కలిసొచ్చిందో అనుకుని పిచ్చిదానిలా నవ్వింది. నవ్వు ఆగాక భయమేసింది.

ఎండీ గారి దగ్గరికి వెళ్లి అర్జీ చూపించింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపారు.

"దూరంగా అట్టుకుని సదువమ్మా."

చదివింది. కోడి దగ్గర దగ్గు తెచ్చుకుని దాటేసింది.

"ఆడికి నానెప్పుడిచ్చాను సెలవు? ఫోన్లో మాటలు రికార్డు కాదని రాసీ. అయిపోద్ది."

"రాయకూడదు సార్. చట్టం ప్రకారం రికార్డంటే కాగితం ఒక్కటే కాదు. ఆఫీసు పని మీద పుట్టింది ఏదైనా, ఫోనులో ఉన్నా కంప్యూటర్లో ఉన్నా, రికార్డే."

"అంటే ఇన్నాళ్లూ నాను మాటాడిందంతా?"

"అంతా సార్. టీలో చక్కెర గురించి చెప్పింది కూడా."

శ్రీరామ్మూర్తి గారు చేతిలో ఫోనుని కొత్తగా చూశారు. పక్కకి తిప్పి, వెనక్కి తిప్పి, మెల్లగా సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆ రోజంతా సైగలతోనే ఆఫీసు నడిపారు.

వారం తిరక్కుండా గంగాధరరావే వచ్చాడు, మంగాయమ్మని తీసుకుని. సస్పెండైన మనిషి మొహం ఎలా ఉండాలో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు, వెలిగిపోతున్నాడు. తాపేశ్వరం కాజాల పెట్టె బల్ల మీద పెట్టాడు.

"ఎండీ గారికండి. మీరూ రెండు తీసుకోండి మేడమ్ గారండి. సస్పెన్షన్ అదంతా ఏదో పొరపాటండి. సారుగారు మర్చిపోయుంటారండి. నకలు చేతికొస్తే ఆయనకే గుర్తొస్తుందండి."

మంగాయమ్మ మాత్రం కొండల దగ్గరే ఉండిపోయింది. "ఎన్ని కొండలో అమ్మాయిగారూ! మబ్బులొచ్చి నీళ్ల మీద కూర్చున్నాయి. నేను ఆ ఒడ్డునే పుట్టి ఇన్నేళ్లూ ఏం చూశానో నాకే తెలీదు. మా అమ్మ చూడకుండానే పోయింది. ఆ మారాజు నోటి చలవ."

ఫిర్దౌస్ నోటిదాకా తీసుకెళ్లిన కాజాని మళ్లీ పెట్టెలో పెట్టేసింది. అప్పుడే గంగాధరరావు జేబులో ఫోను మోగింది.

"ఒరే గంగాధరం! ఏటా మొగం, వానలో తడిసిన కోడిలాగ? ఎల్లు!"

"రింగ్‌టోన్ పెట్టుకున్నానండి" అన్నాడు గంగాధరరావు సిగ్గుపడుతూ. "పొద్దున్నే వింటే రోజంతా హుషారుగా ఉంటుందండి. మా గిడ్డంగిలో అందరూ ఇదే పెట్టుకున్నారండి."

అందరూ అంటే నిజంగానే అందరూ. రేవులో ఎక్కడ ఫోను మోగినా ఎండీ గారు ఎవరినో ఒకరిని పడవెక్కమంటున్నారు. ఆయన కారు గిడ్డంగుల ముందు ఆగితే ఎప్పుడూ లేనిది కూలీలు నవ్వుతూ నమస్కారాలు పెట్టసాగారు. టీ ఇవ్వడానికి లోపలికెళ్లిన తవిటమ్మ, క్యాంటీన్లో ఆ గొంతు ఎవరి నోట్లోంచి వచ్చిందో కళ్లారా చూసిన తవిటమ్మ కూడా, "బాబూ, నీది ఎన్నపూస లాంటి మనసు" అనేసి వచ్చింది. ఎందుకలా అన్నావని మోహన్ నిలదీస్తే, "ఏటో బాబు, అందరూ అంతన్నారు, నాకూ అనాలనిపించినాది" అంది. శ్రీరామ్మూర్తి గారికి సర్వీసు మొత్తంలో ఇంత మర్యాద ఎన్నడూ జరగలేదు. రోజుకి ఎన్ని నోటి ఆర్డర్లు ఇస్తారో ఆయనకే లెక్క ఉండదు, కాబట్టి ఏదో మంచి ఘడియలో ఇదీ చెప్పే ఉంటాననుకోవడం మొదలుపెట్టారు. అద్దంలో చూసుకుని తల దువ్వుకోవడం కూడా మొదలుపెట్టారని డ్రైవరు చెప్పాడు.

ఇంట్లో ఫిర్దౌస్ తల్లికి అంతా చెప్పింది. కోడి దగ్గరికి వచ్చేసరికి జమాలున్నీసా నవ్వలేక తలగడలో మొహం దాచుకుంది. "తౌబా తౌబా!" అని చెంపలు వేసుకుంటూ మళ్లీ నవ్వింది. నవ్వులోంచి తేరుకున్నాక అడిగింది.

"ఆయనే చెప్పాననుకుంటున్నాడుగా. నువ్వు నోరు మూసుకుంటే ఎవరికి నష్టం?"

"ఎవరికీ లేదమ్మీ."

పెట్టె మూతకి కొత్త గొళ్లెం బిగిస్తున్న గులాం మొహమ్మద్ తలెత్తలేదు. ఆయన దుకాణంలో పెట్టెలన్నీ ఆయన చేసినవి కావు, బయట కొన్నవీ ఉంటాయి. తను చేసిన పెట్టెకే మూత లోపల పేరు కొడతాడు. కొన్నవాటికి కూడా కొట్టేస్తే ఇంకాస్త ధర పలుకుతుందని ఎందరు చెప్పినా కొట్టలేదు. ఆయన ఆ రోజు ఆ సంగతి ఎత్తనైనా ఎత్తలేదు, గొళ్లెం ఆడించి చూసుకున్నాడు. కూతురికి ఒళ్లు మండింది. ఒక్క సలహా ఇస్తే ఈయన సొమ్మేం పోయింది?

గడువు దగ్గరపడుతుండగా గంగాధరరావు వివరణ వినడానికి ఎండీ గారు తన గదిలో సమావేశం పెట్టారు. గంగాధరరావు, మంగాయమ్మ ఒక పక్క. ఫిర్దౌస్, చెమటలు కక్కుతున్న మోహన్ ఇంకో పక్క. గంగాధరరావు ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు. గది నిండా గొంతు మోగింది. శ్రీరామ్మూర్తి గారు కళ్లు మూసుకుని, తల ఊపుతూ, కచేరీ వింటున్నట్టు విన్నారు. గోనెసంచులు ఏడుస్తాయన్న చోట చిన్నగా నవ్వారు.

"నాదే" అన్నారు కళ్లు తెరిచి. "నా గొంతే. నాను గాక ఇంకెవుడు సెప్తాడిలాగ? మర్సిపోనాను. గంగాధరం, నీ సస్పెన్షన్ రద్దురా. అమ్మా ఫిర్దౌసూ, ఇది నా గొంతేనని నకలు మీద సంతకం పెట్టి ఇచ్చీ. అన్నట్టు నీ కన్‌ఫర్మేషన్ ఫైలు కూడా ఇక్కడే ఉండాలి, ఇయ్యాల అదీ సూసేద్దాం."

మోహన్ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. గంగాధరరావు దండం పెట్టాడు. అందరి కొంపలూ ఒక్కసారిగా తేలాయి. ధ్రువీకరణ కాగితం ఎండీ గారు ముందే టైపు చేయించి ఉంచారు. "పై రికార్డింగులోని గొంతు సంస్థ ఎండీ గారిదేనని ధ్రువీకరించడమైనది." కింద గీత. గీత కింద ఆమె పేరు.

ఫిర్దౌస్ కలం తీసింది. మూత తిప్పింది. రోజూ ఎన్ని నకళ్ల మీద సంతకాలు పెడుతుంది! కోర్టులో జడ్జి కాగితం తిప్పి, ఆమె పేరు చూసి, ఇక లోపల చదవకుండా నమ్మి పక్కన పెట్టేది ఆ సంతకాన్నే. ఆమెకి ఉన్న ఆస్తంతా అదే. కలం గీతదాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ముందుకు కదలమంటే కదలదు. తను చేయని పెట్టెకి పేరు కొట్టని నాన్నని మనసులో బాగా తిట్టుకుంది.

నిజం చెప్పడానికి నోరు తెరిచింది. సొంత గొంతు భయంతో ఎటో పారిపోయింది. దాని బదులు రెండోది వచ్చింది.

"సార్... అది నానే సెప్పాను గదా!"

శ్రీరామ్మూర్తి గారు తన నోరు తడుముకుని చూసుకున్నారు, అది మూసే ఉంది.

"మళ్లీ అను" అన్నారు.

"ఒరే గంగాధరం" అంది ఫిర్దౌస్ ఏడుపు మొహంతో, "ఏటా మొగం..."

"ఆపు!" బల్ల మీద చెయ్యి పడింది, కాజాల పెట్టె ఎగిరిపడింది. "నా గొంతెట్టి సెలవులిస్తావేటి నువ్వు! లా ఆఫీసరువా, పగటివేషగత్తెవా? నీ ఫైలు సూత్తాననుకున్నాను, ఇప్పుడు సూత్తాను నీ సంగతి!"

"ఆటకి చేశాను సార్. ఎవరికి చేరుతుందో ఆలోచించలేదు, తప్పు నాది. నాకు మెమో ఇవ్వండి, పీకేయండి. కానీ గంగాధరరావు గారు ఏ తప్పూ చేయలేదు. ఈ ఆఫీసులో ఆర్డరంటే ఇలాగే ఉంటుందని ఆయనకి నేర్పింది మనమే. కాగితం మీద ఇచ్చే అలవాటుంటే నా గొంతుని ఎవరు నమ్మేవారు?"

ఈసారి మాటలు సొంత గొంతులోనే వచ్చాయి. వచ్చాయని ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఎండీ గారు ఇంకోమాట అనేలోపు గంగాధరరావు లేచాడు. అప్పటిదాకా వెలిగిన మొహం ఇప్పుడు నిజంగానే తడిసిన కోడిలా ఉంది.

"అయితే సారుగారు... తమరు సెలవివ్వలేదాండి?"

మంగాయమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"ఉద్యోగం సంగతి తర్వాతండి. ఇది తమరి పేరు మీద గోదారి రేవులో దీపం వదిలిందండి. కార్తీకదీపం. నా పేరు మీద కూడా వదల్లేదండి."

"మారాజు చల్లగా ఉండాలని మొక్కుకున్నానయ్యా" అంది మంగాయమ్మ. "నీళ్లలో చాలా దూరం పోయింది, ఆరిపోకుండా."

శ్రీరామ్మూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలారు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. మనిషి ఒక్కసారిగా పెద్దవాడైపోయినట్టనిపించి ఫిర్దౌస్‌కి జాలేసింది. ఆయనకి కొత్తగా వచ్చిన మంచిపేరుని ఆమె చేతులారా లాక్కున్నట్టయింది.

"ఆ మాట" అన్నారు ఆయన చివరికి, "నాను సెప్పుండాల్సింది."

తర్వాత బల్ల మీది ఫైళ్లగుట్టలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక కాగితం లాగారు. గంగాధరరావు సెలవు అర్జీ. దాని కింద పోయినేటిది. దాని కింద అంతకు ముందుది.

"కలం ఉందేటి ఎవుడి దగ్గరైనా?"

ఆ గదిలో కలం లేదు మరి. ఫిర్దౌస్ తన చేతిలోది ఇచ్చింది. ఆయన దాన్ని వేలితో తడిమి, ఊపిరి బిగబట్టి, అర్జీ మూల మీద "సెలవు మంజూరు, వెళ్లిన తేదీ నుంచి" అని రాసి సంతకం పెట్టారు. చెయ్యి అలవాటు తప్పి అక్షరాలు మెట్లు దిగినట్టు దిగాయి. రాశాక కాగితాన్ని కాసేపు చూశారు. ఏమీ కరవలేదు.

మెమో మాత్రం తప్పలేదు. తన మీద మెమో తనే రాయడం చట్టం ఒప్పుకోదని ఫిర్దౌస్ చెబితే మోహన్‌కి అప్పగించారు. మోహన్ పట్టిన సెక్షన్లన్నీ తప్పులే. ఆ మెమో చూస్తుంటే ఆమె చేతులు దురదపెట్టాయి, కాని వాది లాయరుకి ప్రతివాది సలహా ఇవ్వకూడదు. తప్పు ఒప్పుకుని రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. సర్వీసు రిజిస్టర్లో హెచ్చరిక పడింది. ఆమే ఇందులో ఇరుక్కుంది కాబట్టి గంగాధరరావు అర్జీకి జవాబు ఆమె బదులు అకౌంట్స్ అధికారి ఇచ్చాడు. మీరడిగిన నోటి ఆర్డరు ఎండీ గారిది కాదు, లా ఆఫీసరు గారిది, ఎండీ గారి చేతిరాత ఉత్తర్వు జతపరచడమైనది, తృప్తి లేనిచో అప్పీలు చేసుకోవచ్చు.

గంగాధరరావు అప్పీలుకి నేరుగా ఎండీ గారి గదికే వచ్చాడు, ఫిర్దౌస్ కూడా అక్కడే ఉంది.

"కాగితం బాగుందండి, ఫ్రేము కట్టించానండి. కానీ మంగాయమ్మ ఒప్పుకోట్లేదండి. దీపం వదిలినందుకు సారుగారి నోట ఒక్కసారి వినాలంటుందండి."

శ్రీరామ్మూర్తి గారు ఫోను తీశారు. గొంతు సవరించుకున్నారు. "గంగాధరరావు అను ఉద్యోగికి తెలియజేయునది ఏమనగా..." ఆపేశారు. మళ్లీ నొక్కారు. "ఒరే గంగాధరం. ఎల్లుము." అదీ ఆపేశారు. అలా ఎన్నిసార్లు నొక్కారో. రికార్డని తెలిశాక ఆయన నోరు బిగుసుకుపోయింది. చివరికి విసుగొచ్చి ఫోను బల్ల మీద పడేశారు.

"ఏటమ్మా సూత్తావ్! నానెలా మాటాడతానో కాస్త సెప్పు!"

ఫిర్దౌస్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ముందు కుర్చీ వెనక్కి జరపండి సార్. ఆ... ఇప్పుడు తిట్టబోతున్నట్టు మొదలుపెట్టండి. కాని కడుపులో నవ్వుండాలి. ఒరే గంగాధరం..."

"ఒరే గంగాధరం..."

"ఇంకొంచెం పైకి సార్. మీరు ఇంకా పైనుంచి అందుకుంటారు."

"నాకు నేర్పుతావేటి నా గొంతు!" అన్నారు ఆయన, తిడుతూనే కడుపులోంచి నవ్వేశారు. ఆ నవ్వుతోనే నొక్కారు, ఆ నవ్వుతోనే చెప్పేశారు, కోడితో సహా. గంగాధరరావు విని కళ్లు తుడుచుకున్నాడు. చాలా బాగుందండి అన్నాడు. తలుపుదాకా వెళ్లి, మొహమాటంగా వెనక్కి తిరిగి, "రింగ్‌టోన్ మాత్రం మేడమ్ గారిదే ఉంచుకుంటానండి, అలవాటైపోయిందండి" అని చెప్పి జారుకున్నాడు.

ఆ సాయంత్రం ఫిర్దౌస్ నాన్న దుకాణంలో కూర్చుని ఉండగా ఫోను టింగుమంది. ఎండీ గారి పేరు.

"అమ్మా ఫిర్దౌసూ! నీ ఉజ్జోగం ఖాయం సేసేను. రేపట్నుంచి నా గొంతు నాకు ఒగ్గీ, నీది నువ్వు వాడుకో. నాను సెప్తన్నాను గదా!"

జమాలున్నీసా ఎగిరి గంతేసింది, కూతుర్ని పట్టుకుని ముద్దులు పెట్టింది, ఎదురు కొట్టు సేటుని కేకేసి మిఠాయి తెప్పించింది. ఫిర్దౌస్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. అయినా ఆ వాయిస్ ఇంకోసారి విన్నది. మోహన్‌కి కూడా ఈ మధ్య గొంతులు పట్టుబడుతున్నాయని గుర్తొచ్చి మరోసారి విన్నది. తర్వాత కుదురుగా కూర్చుని, లా ఆఫీసరుగా టైపు చేసింది.

"ధన్యవాదాలు సార్. దయచేసి కాగితం మీద ఇప్పించగలరు."

అవతల చాలాసేపు ఏదో రాస్తున్నట్టు, ఆపుతున్నట్టు, మళ్లీ రాస్తున్నట్టు కనిపించింది. చివరికి ఒక ఫొటో వచ్చింది. ఆమె ఫైలు, దాని మీద మెట్లు దిగుతున్న అక్షరాలు, కింద సంతకం. ఫొటో మూలన బల్ల మీద ఆమె కలం ఉంది, ఆయన ఇంకా తిరిగివ్వలేదు.

గులాం మొహమ్మద్ ఆ ఫొటోని కళ్లజోడు పెట్టుకుని చూశాడు. పనిలో ఉన్న పెట్టె మూత ఎత్తి, లోపల పేరు కొట్టే ముద్ర తీసి, సుత్తి కూతురి చేతికిచ్చాడు.